విధేయత మనస్సాక్షికి బదులు కాదు

కథోలికుడికి సొంత మనస్సాక్షితో పని లేదనీ, మంచిచెడ్డలు తేల్చేది పోపూ పీఠాధిపతులేననీ, విశ్వాసి వంతు చెప్పినట్టు నడుచుకోవడమేననీ ఒక అభిప్రాయం లోకంలో గట్టిగా పాతుకుపోయింది. శ్రీసభను విమర్శించేవాళ్ళు దీన్ని నిందగా వాడతారు. శ్రీసభ అంటే ప్రాణం పెట్టేవాళ్ళలో చాలామంది ఇదే భక్తి అనుకుంటారు. ఒకరు తిట్టుగా, మరొకరు పొగడ్తగా పలికినా ఇద్దరూ చెప్పేది ఒకటే: ఆజ్ఞ ఉన్నచోట ఆలోచనకు తావు లేదు. ఈ మాట తప్పు. తప్పని చూపడానికి బయటి నుంచి సాక్ష్యం అరువు తెచ్చుకోనక్కర్లేదు. శ్రీసభ పునీతులుగా గౌరవించినవాళ్ళ బోధ, దాని సొంత న్యాయశాస్త్రం, దాని మహాసభల తీర్మానాలు చాలు.

మనస్సాక్షి అనే మాటను ముందు సరిగ్గా పట్టుకోవాలి. మనసుకు నచ్చింది, మనసుకు తోచింది అనే అర్థంలో కథోలిక బోధ ఈ మాటను వాడదు. మంచి చేయాలి, చెడు మానాలి అనే మూలసూత్రం ప్రతి మనిషిలోనూ ఉంటుంది. ఆ సూత్రాన్ని పట్టుకుని, తాను చేయబోయే ఈ ఒక్క పని మంచిదా చెడ్డదా అని బుద్ధి ఇచ్చే తీర్పే మనస్సాక్షి. తెలుగు విచారణల్లో చిన్నపిల్లలను పాపసంకీర్తనానికి సిద్ధం చేసేటప్పుడు మొదట నేర్పేది ఆత్మశోధన. గురువు దగ్గర మోకరించే ముందు పిల్లవాడు తన పనులను తానే తూకం వేసుకోవాలి. గురువు వినేది ఆ పిల్లవాడి మనస్సాక్షి ముందే తీర్పు చెప్పిన సంగతులను. ఆ తీర్పు లేకపోతే పాపసంకీర్తనంలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అంటే శ్రీసభ తన అధికారంతో పాపాన్ని క్షమించే చోట కూడా మొదటి అడుగు మనస్సాక్షిదే.

ఈ సంగతిని 13వ శతాబ్దంలోనే తోమాస్ అక్వినాస్ చివరిదాకా తర్కించారు. 'సుమ్మా థియొలాజికా'లో ఆయన వేసుకున్న ప్రశ్న చాలా పదునైనది. మనస్సాక్షి పొరబడితే అప్పుడూ దాన్ని పాటించాలా? పాటించాలనే ఆయన జవాబు. అందుకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఏ క్రైస్తవుడినైనా ఉలిక్కిపడేలా చేస్తుంది. క్రీస్తును విశ్వసించడం మంచిది, రక్షణకు అవసరం. అయినా ఒక మనిషి బుద్ధికి అది నిజంగా చెడుగా కనిపిస్తే, చెడు అనుకుంటూనే దాన్ని స్వీకరించినవాడు పాపం చేసినట్టే. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒక పని మంచిదో కాదో మనిషికి తెలిసేది తన బుద్ధి ద్వారానే. చెడని తెలిసీ చేసినప్పుడు అతని సంకల్పం చెడును కోరుకుంది. ఆ పని అసలుకు మంచిదే కావడం అతని సంకల్పాన్ని మంచిదిగా మార్చలేదు.

విధేయత కూడా ఒక పనే. పీఠాధిపతి మాట వినాలని నిర్ణయించుకోవడం ఒక నిర్ణయమే. ఈ అధికారి మాట వినదగినది, ఈ ఆజ్ఞ అతని పరిధిలోనిది, ఇందులో పాపం లేదు అని తేల్చుకున్నాకే ఎవరైనా వింటారు. ఆ తేల్చుకున్నది మనస్సాక్షి. అందుచేత ఆలోచనను పక్కన పెట్టి అధికారానికి లోబడ్డాను అనేవాడు తనకు తెలియకుండానే ఒక తీర్పు చెప్పి, ఆ తీర్పుకు తాను బాధ్యుడిని కానని తప్పుకుంటున్నాడు. ప్రబలంగా ఉన్న అభిప్రాయంలోని మొదటి లోపం ఇదే. మనిషి మనస్సాక్షిని దాటి విధేయతను చేరుకునే దారి లేదు.

ఇది ఒక పండితుడి సొంత అభిప్రాయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అక్వినాస్‌కు ముందే ఈ ప్రశ్న పోపు ఆస్థానానికి వచ్చింది, అదీ ఒక సంసారం గొడవగా. దంపతుల్లో ఒకరికి తమ వివాహం చెల్లదని నిశ్చయంగా తెలుసు, కానీ శ్రీసభ న్యాయస్థానంలో రుజువు చేయలేరు. కాపురం చేయమని న్యాయస్థానం ఆదేశిస్తుంది, కాదంటే బహిష్కారం వేస్తామంటుంది. ఏం చేయాలి? 1198 నుంచి 1216 వరకు పోపుగా ఉన్న 3వ ఇన్నోసెంట్ దీనికి స్పష్టమైన తీర్పు ఇచ్చారు. అడ్డంకి ఉందని నిశ్చయంగా తెలిసినవారు బహిష్కారాన్ని వినయంగా భరించాలే తప్ప మనస్సాక్షికి విరుద్ధంగా కాపురం చేయకూడదు. ఈ తీర్పు 1234లో 9వ గ్రెగరీ పోపు వెలువరించిన న్యాయసంపుటిలో చేరి శతాబ్దాల పాటు శ్రీసభ చట్టంగా నిలిచింది. ఈ సందర్భంలో వేదాంత పండితుడు పీటర్ లొంబార్డ్ శ్రీసభ తీర్పునే పాటించాలన్న వైపు మొగ్గారు. ఆయన గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ అక్వినాస్ అక్కడ విభేదించారు. బహిష్కృతుడిగా చనిపోవడమే మేలన్నారు.

ఆ ఇన్నోసెంట్ మధ్యయుగపు పోపులందరిలోకీ అధికారాన్ని గట్టిగా చలాయించినవారు. రాజులను వంచినవారు. పోపు అధికారం గురించి అంత పట్టుదల ఉన్న మనిషే, తన న్యాయస్థానం వేసే శిక్షను భరించైనా సరే మనస్సాక్షిని కాపాడుకోమని చట్టం చేశారంటే, అధికారమూ మనస్సాక్షీ ఒకదాన్నొకటి మింగేవని ఆయన అనుకోలేదన్నమాట. అదే తీర్పులో మరో వాక్యమూ ఉంది, దాన్ని దాచకూడదు. నిశ్చయం లేకుండా, తేలికైన అనుమానంతో తొందరపడి అడ్డంకి ఉందనుకునేవారు గురువు సలహా విని ఆ అనుమానాన్ని వదిలేయాలి. నిశ్చయానికీ అనుమానానికీ మధ్య గీసిన ఈ గీత ముందుముందు చాలా పనికొస్తుంది.

గుడ్డి విధేయత అనగానే యేసుసభ పేరు చెబుతారు. ఆ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా తన సభ్యులు పైవారి చేతిలో శవంలా ఉండాలన్న పోలిక వాడిన మాట నిజం. కానీ ఆ సభ నియమావళిలోనే ఆ విధేయతకు హద్దు ఉంది: పాపం కనిపించని అన్ని విషయాల్లోనూ. పాపం కనిపించేది ఎవరికి? ఆజ్ఞ అందుకున్నవాడికే. అన్నిటికన్నా కఠినమైన విధేయతా వ్రతంలోనూ తాళంచెవి వ్రతం పట్టినవాడి మనస్సాక్షి దగ్గరే ఉంచారు.

మరి ఇంత గట్టి సంప్రదాయం ఉండగా తప్పుడు అభిప్రాయం ఎలా బలపడింది? 19వ శతాబ్దం అందుకు చాలావరకు బాధ్యత వహించాలి. ఫ్రెంచి విప్లవం మఠాలను మూయించి, గురువులను చంపించిన తర్వాత రోములో స్వేచ్ఛ అనే మాట వింటేనే భయపడే వాతావరణం ఏర్పడింది. 1832లో 16వ గ్రెగరీ 'మిరారి వోస్' లేఖలో మనస్సాక్షి స్వేచ్ఛ అనే వాదాన్ని చాలా పరుషంగా ఖండించారు. 1864లో 9వ పయస్ 80 తప్పుడు సిద్ధాంతాల పట్టిక వెలువరించారు. 1870 జులై 18న మొదటి వాటికన్ మహాసభ 533 ఓట్లతో, ఇద్దరే కాదనగా, పోపు నిర్దిష్టమైన షరతులకు లోబడి చేసే సిద్ధాంత ప్రకటనలో పొరబాటు ఉండదని నిర్ణయించింది. ఆ షరతులు చదవనివాళ్ళు, పోపు నోట వచ్చిన ప్రతి మాటా దైవవాక్కు అని శ్రీసభ ప్రకటించిందనుకున్నారు. ఆ నిర్ణయం తర్వాత పోపు ఆ అధికారంతో సిద్ధాంతం ప్రకటించింది ఒక్కసారే, 1950లో, మరియమాత మోక్షారోపణం గురించి. 150 ఏళ్ళు దాటిన కాలంలో ఒక్కసారి వాడిన అధికారాన్ని రోజువారీ జీవితంలోని ప్రతి ఆజ్ఞకూ అంటగట్టడం న్యాయం కాదు.

బ్రిటన్ ప్రధానిగా దిగిపోయిన గ్లాడ్‌స్టన్ 1874లో ఒక కరపత్రం రాసి, ఇక కథోలికుడు దేశానికి విధేయుడిగా ఉండలేడనీ, తన మనసును పోపుకు అప్పగించేశాడనీ ఆరోపించారు. దానికి జవాబు చెప్పినవారు జాన్ హెన్రీ న్యూమన్. ఆంగ్లికన్ గురువుగా ఉండి, 1845లో కథోలికుడైన మనిషి. ఆ మార్పుకు స్నేహితులను, ఆక్స్‌ఫర్డ్‌లోని స్థానాన్ని వదులుకున్నారు. మనస్సాక్షి మాట విని కథోలిక శ్రీసభలోకి వచ్చిన మనిషికి, లోపలికి అడుగుపెట్టగానే దాన్ని గుమ్మం బయట వదిలేయాలని చెబితే ఎలా ఒప్పుకుంటారు? 1875లో నార్‌ఫోక్ డ్యూక్‌కు రాసిన బహిరంగ లేఖలో న్యూమన్ చేసిన వాదం ఇది. పోపు పొరబడడన్నది అందరికీ వర్తించే సిద్ధాంతాల విషయంలో. మనస్సాక్షి తీర్పు చెప్పేది ఒక మనిషి, ఒక వేళ, చేయాల్సిన ఒక పని గురించి. రెండూ తిరిగే నేల వేరు. పోపు ప్రత్యేకమైన ఆజ్ఞ ఇచ్చినప్పుడో చట్టం చేసినప్పుడో రెండూ ఎదురుపడవచ్చు. కానీ అలాంటి ఆజ్ఞల్లో పోపు పొరబడరని శ్రీసభ ఎప్పుడూ అనలేదు. విందులో మతం పేరు తలచాల్సివస్తే తాను ముందు మనస్సాక్షికీ తర్వాతే పోపుకూ పాత్ర ఎత్తుతానని ఆయన ఆ లేఖలో రాసిన మాట ప్రసిద్ధం. ఆ మాటను ఏరుకుని మిగతా లేఖను వదిలేసేవాళ్ళూ ఉన్నారు. అదే లేఖలో న్యూమన్ తన కాలపు జనం మనస్సాక్షి పేరుతో కోరుతున్నది సొంత ఇష్టానికి హక్కు అనీ, అది నకిలీ అనీ చెప్పారు. 19వ శతాబ్దపు పోపులు ఖండించింది ఆ నకిలీనేనన్నది ఆయన వాదం. పోపు ఆజ్ఞకు ఎదురు నిలవాలంటే ప్రార్థన, పరిశీలన అన్నీ చేశాకనే నిలవాలనీ, రుజువు చేసుకోవాల్సిన భారం ఎదురు నిలిచేవాడిదేననీ కూడా అన్నారు.

ఇలా రాసిన మనిషిని శ్రీసభ వెలివేయలేదు. 1879లో 13వ లియో ఆయనను కార్డినల్‌ను చేశారు. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం మనస్సాక్షిని వివరించే చోట ఆ లేఖనే ఉదహరించింది. 2019లో ఆయన పునీతుడయ్యారు, 2025 నవంబరు 1న 14వ లియో ఆయనను శ్రీసభ పండితుడిగా ప్రకటించారు.

సిద్ధాంతం ఎంత బాగున్నా, ఆచరణలో సామాన్యుడికి ఇది సాధ్యమా అన్నది అసలు పరీక్ష. ఆ పరీక్షకు ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్ జీవితాన్ని మించిన ఉదాహరణ దొరకదు. 1907లో సాంక్ట్ రాడెగుండ్ అనే పల్లెలో పుట్టారు. ఊరి బడి చదువే. భార్య ఫ్రాన్సిస్కా, ముగ్గురు చిన్న ఆడపిల్లలు. ఊరి గుడికి పరిచారకుడిగా ఉండేవారు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నాక జరిపిన ఓటింగులో ఆ ఊళ్ళో కాదన్న ఓటు ఆయనదొక్కటే. సైన్యంలో కొంతకాలం శిక్షణ పొంది వచ్చాక, ఆ యుద్ధం అన్యాయమైనదనీ, అందులో ఆయుధం పట్టడం పాపమనీ నిశ్చయానికి వచ్చారు. 1943 మార్చిలో మళ్ళీ పిలుపు వచ్చినప్పుడు వెళ్ళి, పోరాడనని చెప్పారు. గాయపడినవారికి సేవ చేసే దళంలో పనిచేస్తానంటే ఒప్పుకోలేదు. జులై 6న బెర్లిన్‌లో సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్‌లో తల నరికారు. అప్పటికి ఆయన వయసు 36.

ఈ కథలో శ్రీసభ అధికారం పాత్ర ఒకటి కాదు, రెండు. యేగర్‌ష్టెట్టర్ మనస్సాక్షిని తీర్చిదిద్దినది శ్రీసభే. లింజ్ పీఠాధిపతి యోహానెస్ గ్ఫోల్నర్ 1933 జనవరిలోనే, మంచి కథోలికుడూ నిజమైన నాజీ ఒకే మనిషి కాలేడని లేఖ రాసి గుళ్ళలో చదివించారు. రైతు దాన్ని మరిచిపోలేదు. 1941లో గ్ఫోల్నర్ చనిపోయాక బాధ్యత తీసుకున్న యోసెఫ్ ఫ్లీసర్ దగ్గరికి ఆయన సలహాకు వెళ్ళారు. యుద్ధం న్యాయమా కాదా తేల్చడం సామాన్యుడి పని కాదనీ, అతని బాధ్యత కుటుంబమేననీ ఆ పీఠాధిపతి నచ్చజెప్పారు. ఊరి గురువులూ ఇంచుమించు అదే అన్నారు. వాళ్ళంతా దుర్మార్గులు కారు. ఆయన ప్రాణం నిలవాలని కోరుకున్నవాళ్ళే. కానీ ఆయన మనస్సాక్షి అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. అందరూ ఆ ప్రశ్న అడిగే అర్హత నీకు లేదన్నారు.

ఆ సలహా కథోలిక సంప్రదాయానికే సరిపడదు. యుద్ధం న్యాయమో కాదో సందేహంగా ఉంటే ప్రజలు పాలకుడి మాట వినవచ్చని అగస్టీన్ కాలం నుంచీ చెబుతూ వచ్చిన మాట నిజమే. కానీ 1539లో సలమాంకాలో ఫ్రాన్సిస్కో దె విటోరియా ఆ మాటకు హద్దు గీశారు. యుద్ధం అన్యాయమని నిశ్చయంగా నమ్మినవాడు రాజు ఆజ్ఞాపించినా పోరాడకూడదు, అతని నమ్మకం పొరబాటైనా సరే. ఇన్నోసెంట్ గీసిన గీతే ఇది. యేగర్‌ష్టెట్టర్‌లో సందేహం లేదు. నిశ్చయం ఉంది. సందేహంలో ఉన్నవాడికి చెప్పాల్సిన మాటను నిశ్చయంలో ఉన్నవాడికి చెప్పారు. చదువు తక్కువని, హోదా లేదని ఒక మనిషి నిశ్చయాన్ని సందేహంగా లెక్కగట్టడం ఎంత పెద్ద తప్పో చెప్పడానికి ఆ ఒక్క ప్రాణం చాలు. బెర్లిన్ చెరలో ఆయనకు ఊరట దొరికింది ఒక్క వార్తతో. ఫ్రాంజ్ రైనిష్ అనే గురువు హిట్లర్ పేరిట ప్రమాణం చేయనని అంతకు ముందటి ఏడాదే అదే బ్రాండెన్‌బర్గ్‌లో ప్రాణం ఇచ్చారని చెర గురువు చెప్పారు.

యుద్ధం ముగిశాక 1946లో ఆయన గురించి పీఠం పత్రికలో వ్యాసం వేయడానికి ఫ్లీసర్ ఒప్పుకోలేదు. పొరబడిన మనస్సాక్షి అనే ముద్ర చాలా ఏళ్ళు ఆయన మీద ఉండిపోయింది. 1964లో అమెరికా సమాజశాస్త్రవేత్త గోర్డన్ జాన్ ఆయన మీద పుస్తకం రాశారు. అంతకుముందు బొంబాయి అగ్రపీఠాధిపతిగా పనిచేసిన థామస్ రాబర్ట్స్ ఆ రైతు పేరును రెండో వాటికన్ మహాసభ దృష్టికి తెచ్చారు. మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనివారికి చట్టం మానవత్వంతో చోటు కల్పించాలని 1965లో మహాసభ తన పత్రంలో రాసింది. 2007 అక్టోబరు 26న లింజ్ ప్రధాన దేవాలయంలో యేగర్‌ష్టెట్టర్‌ను ధన్యజీవిగా ప్రకటించారు. 94 ఏళ్ళ ఫ్రాన్సిస్కా ఆ పూజలో కూర్చుని ఉన్నారు.

ఆయన ఎదిరించింది రాజ్యాన్ని, శ్రీసభను కాదు కదా అనే ఆక్షేపణ రావచ్చు. జోన్ ఆఫ్ ఆర్క్‌ను విచారించినది శ్రీసభ న్యాయస్థానమే. బోవే పీఠాధిపతి పియేర్ కొషోన్ ఆ విచారణ నడిపారు. దేవుడి నుంచి వచ్చాయని ఆమె నమ్మిన స్వరాల విషయంలో శ్రీసభ తీర్పుకు తలవంచమని ఆమెను మళ్ళీ మళ్ళీ అడిగారు. విధేయురాలినే, కానీ ముందు దేవుడికి అన్నది ఆమె జవాబు సారాంశం. తనను పోపు దగ్గరికి తీసుకెళ్ళమని అడిగినా వినలేదు. 1431 మే 30న రూవాన్‌లో ఆమెను కాల్చేశారు. 1456లో శ్రీసభే ఆ తీర్పును రద్దు చేసింది, 1920లో ఆమెను పునీతురాలిని చేసింది. ఆమె అధికారాన్ని కాదనలేదు. ఎదుట కూర్చున్న అధికారులే మొత్తం శ్రీసభ అన్న మాటను కాదంది.

ఇలాగైతే ఎవరికి వారే పోపులవుతారు అన్నది మరో ఆక్షేపణ, బరువైనదే. 1968 జులైలో 6వ పౌలు 'హుమానే వీతే' లేఖలో కృత్రిమ గర్భనిరోధాన్ని నిషేధించినప్పుడు ఇది మంటలా లేచింది. మనస్ఫూర్తిగా ప్రయత్నించినా ఆ బోధను పాటించలేని సంకటంలో పడి, తమకు సరైనదిగా తోచిన దారి పట్టిన దంపతులను దోషులుగా చూడకూడదన్న అర్థంలో కెనడా పీఠాధిపతులు ఆ సెప్టెంబరులో ప్రకటన చేశారు. అది శ్రీసభ బోధను నీరుగార్చిందని అన్నవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఇక్కడ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. ఆ లేఖను చదవకుండా, దాని వాదాన్ని అర్థం చేసుకోకుండా, నా మనస్సాక్షి ఒప్పుకోదు అనేవాడు మనస్సాక్షిని వాడటం లేదు, దాని పేరు వాడుకుంటున్నాడు. అక్వినాస్ కూడా, నిర్లక్ష్యం వల్ల వచ్చిన అజ్ఞానం మనిషిని దోషం నుంచి తప్పించదన్నారు. మనస్సాక్షి కట్టిపడేస్తుందనడం వేరు, అది ఎప్పుడూ సరైనదనడం వేరు. 1993లో 2వ జాన్‌పాల్ 'వెరితాతిస్ స్‌ప్లెండర్' లేఖలో హెచ్చరించింది ఈ రెండోదాన్ని గురించే: సత్యాన్ని మనస్సాక్షి కనుక్కుంటుంది, తయారుచేయదు. కాబట్టి దానికి బోధ కావాలి, బోధించే అధికారమూ కావాలి. పొరబడేవాడికి గురువు అవసరమని ఒప్పుకోవడానికీ, గురువు శిష్యుడి బదులు నిర్ణయాలు చేస్తాడనడానికీ మాత్రం పొంతన లేదు. గ్ఫోల్నర్ బోధించారు, రైతు నేర్చుకున్నారు. ఫ్లీసర్ మాత్రం ఆ రైతు బదులు తానే నిర్ణయించబోయారు.

రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మత స్వేచ్ఛ ప్రకటనను 2308 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినవారు 70 మంది. మతం విషయంలో ఎవరినీ మనస్సాక్షికి విరుద్ధంగా నడిచేలా బలవంతపెట్టకూడదని అది చెబుతుంది. 1832 నాటి 'మిరారి వోస్' భాషకూ దీనికీ తేడా చిన్నది కాదు. రాజ్యబలంతో మతాన్ని నిలబెట్టవచ్చన్న పాత నమ్మకాన్ని శ్రీసభ ఇక్కడ వదులుకుంది. ఆ ప్రకటన రూపొందడంలో ముఖ్యపాత్ర పోషించిన అమెరికా యేసుసభ గురువు జాన్ కోర్ట్నీ మరే ఇదే విషయం మీద రాయవద్దని 1950లలో పైవారి నుంచి ఆంక్ష ఎదుర్కొన్నవారు. ఆయన రాయడం ఆపారు, తన అభిప్రాయం తప్పని మాత్రం ఒప్పుకోలేదు. రాయవద్దనే ఆజ్ఞకు లోబడటంలో పాపం లేదు. నిజమని తోచినదాన్ని అబద్ధమని చెప్పడంలో ఉంది. విధేయత ఎక్కడిదాకా వెళ్ళవచ్చో, ఎక్కడ ఆగాలో ఆయన నడవడిలో కనిపిస్తుంది.

1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి ఈ హద్దులను నియమాలుగా రాసింది. 748వ నియమం ప్రకారం మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరినీ బలవంతంగా కథోలిక విశ్వాసంలోకి తేకూడదు. 212వ నియమం ప్రకారం, తమ జ్ఞానానికీ అర్హతకూ తగినట్టు, శ్రీసభ మేలు గురించిన అభిప్రాయాన్ని కాపరులకు చెప్పే హక్కు విశ్వాసులకు ఉంది, ఒక్కోసారి అది కర్తవ్యం కూడా. గురువిద్యార్థిని అభిషేకానికి అంగీకరించాలా వద్దా అని తేల్చేటప్పుడు అతని పాపసంకీర్తనం విన్న గురువు అభిప్రాయాన్ని ఎన్నడూ అడగకూడదని 240వ నియమం అంటుంది. 630వ నియమం మఠాలలోని పెద్దల గురించి. విధేయతా వ్రతం పట్టిన సభ్యులు తమంతట తాము మనసు విప్పితే వినవచ్చు. కానీ మనస్సాక్షిలోని సంగతులు బయటపెట్టమని వాళ్ళను ఏ విధంగానూ ప్రేరేపించకూడదని ఆ నియమం పెద్దలను ఆదేశిస్తుంది.